పెద్దక్షరాలు

“మొదటి పేరు మా అమ్మాయిది. మమ్మల్ని పిలవకుండా రెండో పేరును ఎందుకు పిలిచారు?”

ఆ తల్లి కేకలు వేయలేదు. అందుకే ఆసుపత్రి సూపరింటెండెంటుకు మరింత భయమేసింది. ఆ పొద్దున ఒక కాలేయం వచ్చింది. దానికోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా కంప్యూటర్లో ఉంటుంది. అన్నిటికంటే పైనున్న పేరుకు కబురు వెళ్తుంది. కబురు అందుకున్న మనిషి అప్పటికే ఆపరేషన్ బల్ల మీద ఉంది. మూడో వార్డులో ఉన్న ఈవిడ కూతురి పేరు అసలు జాబితాలోనే లేదు.

ప్రోగ్రామరును పిలిపించారు. ఆమె కుర్చీ లాక్కుని, నిన్న తొలగిపోయిన పేర్లను తెర మీదికి తెచ్చింది.

“కంప్యూటరు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి మనవాళ్ళు ఉత్తుత్తి పేర్లు ఎక్కిస్తుంటారు కద సార్. నిజమైనవాటితో కలవకుండా వాటిని మొత్తం ఇంగ్లిషు పెద్దక్షరాల్లో కొట్టాలని మనం పెట్టుకున్నదే. రోజూ సాయంత్రం ఆరింటికి నేను రాసిన ప్రోగ్రాము పెద్దక్షరాల పేర్లన్నీ ఏరి తీసేస్తుంది. ఈ అమ్మాయి పేరు పెద్దక్షరాల్లో ఉంది.”

తల్లి తెరకేసి వంగి చూసింది.

“కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్నమ్మా నేను. మన రాతలో పెద్దక్షరం, చిన్నక్షరం అని లేవు. పెద్దగా రాస్తే నా బిడ్డ ఉత్తుత్తి మనిషైపోయిందా?”

అందరి చూపులూ కిటికీ పక్కన కూర్చునే ముసలి గుమాస్తా మీదికి తిరిగాయి. పెద్దక్షరాల మీట నొక్కి, దాన్ని మళ్ళీ వదలడం మరిచిపోవడం ఆయనకు అలవాటు. ఆఫీసంతా ఆయన్ను పెద్దక్షరాల మామయ్య అని ఆటపట్టిస్తుంది. నిన్న పొద్దునే ఆ అమ్మాయి చిరునామా సరిచేశానని ఆయన ఒప్పుకున్నాడు. పేరు ముట్టుకున్నట్టు గుర్తు లేదన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“నా చెయ్యే జారి ఉంటుంది. ఇంకెవరు చేస్తారు?” అని గోడకేసి తిరిగాడు.

బల్ల మీదున్న మనిషిని ఇప్పుడు లేపడం కుదరదని సూపరింటెండెంటు నెమ్మదిగా చెప్పాడు. డాక్టరు ఎంత గడువిచ్చారని అడిగాడు.

“వారం అన్నారు. అన్నది సోమవారం.”

ఆ రోజు శుక్రవారం.

ప్రోగ్రామరు పేరును మామూలు అక్షరాల్లో మళ్ళీ కొట్టి, జాబితాకు పైన పెట్టింది. తల్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“తలరాతలో కూడా ఇన్ని రకాల అక్షరాలుంటాయని నాకేం తెలుసు. నువ్వు కనిపెట్టి చెప్పావు, అది చాలు. చల్లగా ఉండు తల్లీ.”

ఆవిడ చెప్పులీడ్చుకుంటూ మూడో వార్డుకేసి వెళ్ళిపోయింది. సూపరింటెండెంటు గుమాస్తాను తన గదిలోకి రమ్మన్నాడు.

ఒంటరిగా మిగిలాక ప్రోగ్రామరు ఫోను తీసి, పదింటికి మరిది పంపిన సందేశాన్ని మళ్ళీ చదువుకుంది. “వదినా, ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్ళారు. మీ చెల్లెలు నవ్వుతూనే వెళ్ళింది.”

నిన్న మధ్యాహ్నం పెద్దక్షరాల మామయ్య భోజనానికి లేచినప్పుడు, ఆయన కుర్చీలో కూర్చుని ఆ పేరును పెద్దక్షరాల్లోకి మార్చింది ఆమే.