ముప్ఫై ఒకటో ప్రశ్న

“ఎడమ చేతి తొడుగు. బూడిద రంగుది,” అన్నాడు డెనిస్.

“కుడిది. నల్లది,” అంది గ్వెన్.

“నల్లదా! నీ కళ్లద్దాలకి వెన్న అంటుకున్నట్టుంది. పాప్‌కార్న్ డబ్బా మొత్తం నువ్వే లాగించావుగా.”

డోనట్ల షాపులో, మూల బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. రోడ్డుకు అవతల సినిమా హాలు. ‘తొలి రేవు’ పాత రీళ్లు ఆ ఊరికి ఒక్క మధ్యాహ్నం ఆట కోసం వచ్చాయి. ఆట ముగిసి అరగంట కాలేదు, రీళ్ల పెట్టెలు అప్పుడే వ్యానెక్కి విన్నిపెగ్ దారి పట్టాయి.

సినిమా వచ్చి ఇరవై రెండేళ్లయింది. అంతకుముందు వచ్చిన ‘చివరి రేవు’లో అంతరిక్ష నౌక ఎందుకు ఖాళీగా దొరికిందో చెప్పడానికి తీశారు. చెప్పలేదు. ఇంకో ముప్ఫై ప్రశ్నలు లేవదీసి వదిలేశారు. ఆ ప్రశ్నల మీద కొట్టుకోవడానికే ఈ నలుగురూ నెలకోసారి కలుస్తారు.

డెనిస్ టపా పంచుతాడు. గ్వెన్ నర్సు. ఆడ్రీకి పదహారేళ్లు. నోరు విప్పడం తక్కువ. కానీ ఏ సన్నివేశం ఎక్కడుందో తేల్చాల్సి వస్తే అందరూ ఆమె వైపే చూస్తారు. ఈ బృందాన్ని మొదలుపెట్టినవాడు ఒరెస్ట్. డెబ్బై నాలుగేళ్లు. ధాన్యం గిడ్డంగిలో పనిచేసి రిటైరయ్యాడు.

ఒరెస్ట్ దగ్గర నీలం అట్ట నోటుపుస్తకం ఉంది. జవాబు లేని ప్రశ్నలన్నీ అందులోనే. దానికి ఒకటే నియమం. తెర మీద ఆయన కళ్లారా చూసినదే సిరాతో రాస్తాడు.

ముప్ఫై ప్రశ్నలు సిరాతో ఉన్నాయి. ముప్ఫై ఒకటోది నాలుగేళ్లుగా పెన్సిల్‌తోనే ఉంది.

‘నౌక వదిలి వెళ్లేముందు కెప్టెన్ తన చేతి తొడుగు తీసి ఆరో కుర్చీలో ఎందుకు పెట్టాడు? ఆ ఖాళీ కుర్చీ ఎవరిది?’

డిస్కుల్లో ఆ ముక్క లేదు. విడుదలైనప్పటి రీళ్లలో మాత్రమే ఉందని అభిమానుల సైట్‌లో చదివారు. ఒరెస్ట్ మొదటిరోజే చూశాడు గానీ తొడుగు సంగతి ఆయనకు గుర్తులేదు. అందుకే ఈ రీళ్ల కోసం రెండేళ్లు ఉత్తరాలు రాశాడు.

“ఆ కుర్చీ చచ్చిపోయిన తమ్ముడిది,” అన్నాడు డెనిస్.

“కాదు, పుట్టబోయే కూతురిది,” అంది గ్వెన్. “ఎంత మెల్లగా పెట్టాడు! నాకైతే ఏడుపొచ్చింది.”

ఒరెస్ట్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

“నాకు కనబడలేదు,” అన్నాడు.

“ఏది?”

“తొడుగు. కెప్టెన్ లేచాడు. దీపం ఆర్పాడు. తలుపు దాటి వెళ్లాడు. అంతే.”

డెనిస్ నవ్వాడు. “కునుకు తీసుంటారు పెద్దాయనా. గురక వినబడింది. నౌక ఇంజనేమో అనుకున్నా.”

“రెప్ప కూడా వెయ్యలేదోయ్.”

“మేమిద్దరం చూశాం కదండీ,” అంది గ్వెన్. రోగులతో మాట్లాడే గొంతు అది. “ఈమధ్య ఇంకేమైనా మర్చిపోతున్నారా?”

ఒరెస్ట్ ముఖం పాలిపోయింది.

“మొన్న పొయ్యి ఆర్పడం మర్చిపోయాను,” అన్నాడు. “మా అన్నకీ ఇలాగే మొదలైంది. ఆఖర్న నన్నే గుర్తుపట్టలేదు.”

ఆయన ఆడ్రీ వైపు తిరిగాడు.

“వీళ్లిద్దరూ వాదన కోసం ఏదైనా అంటారు. నువ్వు చెప్పమ్మా. తొడుగు పెట్టాడా?”

ఆడ్రీ చేతిలో కాగితం రుమాలు ముక్కలు ముక్కలైంది. ఆమె ఈ బల్ల దగ్గర కూర్చుందంటే ఒరెస్ట్ వల్లే. లైబ్రరీ బీరువా చాటున నిలబడి వీళ్ల మాటలు వింటుంటే, కుర్చీ లాగి పిలిచింది ఆయనే. ప్రతి నెలా ఇరవై కిలోమీటర్లు కారు నడిపి, పొలంలోని ఆమె ఇంటి ముందు దింపేదీ ఆయనే.

ఒక్క మాట చెబితే చాలు. డెనిస్, గ్వెన్ ఆమెనే చూస్తున్నారు.

“పెట్టాడు,” అంది.

“ఏ చేతిది?”

“ఎడమ.”

“చెప్పానా!” డెనిస్ బల్ల చరిచాడు.

ఒరెస్ట్ తలూపాడు. నీలం పుస్తకం ఆమె ముందుకు జరిపాడు. పెన్ను మూత తీసి చేతికిచ్చాడు.

“కళ్లారా చూసినవాళ్లే రాయాలి. ఇక ఇది నీ దగ్గరే ఉంచు.”

“వద్దండీ... మీరే...”

“రాయమ్మా.”

రాసింది. ఒక్కో అక్షరం మీద సిరా దిద్దింది. ‘కుర్చీ’ దగ్గర పెన్ను ఆగి చిన్న మరక పడింది.

ఒరెస్ట్ లేచి కోటు తొడుక్కున్నాడు. జేబులోంచి కారు తాళాలు తీశాడు. వాటిని కాసేపు చూసి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

“ఇవాళ డెనిస్ దింపుతాడులే నిన్ను,” అన్నాడు ఆడ్రీతో. “నేను మా అమ్మాయిని రమ్మంటాను. ఇక బండి నడపకపోవడమే మంచిది.”

కిటికీ దగ్గరికి వెళ్లి, బయట పడుతున్న మంచును చూస్తూ ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. వీపు కొంచెం వంగింది.

“పాపం,” అంది గ్వెన్. “నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాడు. మా మాటయితే వినేవాడు కాదు.”

ఆడ్రీ పుస్తకం మూసింది. సిరా ఇంకా ఆరలేదు.

ఏ రీల్లోనూ లేని ఆ చేతి తొడుగును, పన్నెండేళ్లప్పుడు జ్వరమొచ్చి బడి మానేసిన ఒక మధ్యాహ్నం, సొంతంగా కల్పించి మారుపేరుతో సైట్‌లో రాసింది ఆడ్రీయే.