ఒత్తుల రాణి

"పోయినేడాది డబ్బాలో పడింది ఇదొక్కటే," అంటూ హెడ్ మేడం సొరుగులోంచి ఓ చీటీ తీసి కొత్త తెలుగు మాస్టారి ముందు పెట్టింది.

'ఎవరు అమ్ముతున్నారో నాకు తెలుసు. ఛెప్తే నన్ను ఛంపేస్తారు.'

మాస్టారు ఆ రెండు ముక్కలూ నాలుగుసార్లు చదివాడు.

"రాసిందెవరో కనుక్కోలేదా మేడం?"

"ఎక్కడండీ! మత్తుమందుల మీద అవగాహన అంటూ ఒకాయన వచ్చి స్లయిడ్లు చదివేసి, ప్రతిజ్ఞ చేయించి పోయేవాడు. పిల్లలు ఆవలింతలు తీసేవాళ్లు. పేరు రాయకుండా ఏదైనా అడగండని డబ్బా పెడితే, ఏడాది మొత్తానికి ఈ ఒక్క చీటీ."

"ఆ క్లాసు నాకివ్వండి."

మేడం తెల్లబోయింది. ఆ పీరియడంటే స్టాఫ్ రూమంతా ఆమడ దూరం పరిగెడుతుంది మరి!

"ఈ మందుల వల్లే మా తమ్ముడి బతుకు బుగ్గిపాలైంది మేడం. పాతికేళ్లు కూడా లేవు వాడికి."

"అయ్యో పాపం. ఇప్పుడెలా ఉన్నాడు?"

"ఇంటికి రావడానికి ఇంకా చాలాకాలం పడుతుందన్నారు."

మేడం కళ్లు చెమర్చాయి. ఇంకేముంది, పీరియడు ఆయనదైపోయింది.

కోపమంటే కేకలేయడమే అనుకుంటారు జనం. ఈయన కోపం నివురుగప్పిన నిప్పు. ప్రతి ఆదివారం వెళ్లి తమ్ముణ్ణి చూసొస్తాడు. చిక్కి సగమయ్యాడు వాడు. ఇంటికొస్తే అమ్మ ముద్ద ముట్టకుండా కంచం ముందే ఏడుస్తుంది.

"వాడికీ గతి పట్టించినవాళ్లు మాత్రం హాయిగా తిరుగుతున్నార్రా!"

"తిరగనీ అమ్మా. ఎన్నాళ్లు తిరుగుతారు? వదిలిపెడితే నేను నీ కొడుకునే కాను."

చీటీ రాసిన చెయ్యి దొరికితే చాలు. తర్వాత ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు.

మొదటిరోజే ప్రొజెక్టరు మూల పడేశాడు. బల్లలు గుండ్రంగా జరిపించాడు. "ఉపన్యాసం ఇవ్వను. ఫ్రెండు తీసుకోమంటే వద్దని ఎలా చెప్తారో మీరే చేసి చూపించండి," అన్నాడు. నాటకాలు వేయించాడు. తనే తాగుబోతు మావయ్యలా తూలుతూ చీపురుకట్టతో కబుర్లాడితే పిల్లలు బల్లలు గుద్ది మరీ నవ్వారు. ఎవరింట్లో రోజూ గొడవలో, ఎవరు మధ్యాహ్నం తిండి మానేస్తున్నారో పదిహేను రోజుల్లో పసిగట్టాడు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఎవరి గుట్టూ స్టాఫ్ రూములో విప్పలేదు. నెల తిరిగేసరికి పిల్లలకి తలలో నాలుకైపోయాడు. డబ్బా నిండిపోతోంది. సిగరెట్ మానేశానని ఒకడు, అన్నయ్య జేబులో ఏదో చూశాను భయమేస్తోందని ఇంకొకతె, ఒకటే రాతలు.

"ఏం మంత్రం వేశారండీ?" మేడం మురిసిపోయింది.

"మంత్రమేం లేదు మేడం. పిల్లలు మనల్ని నమ్మాలంతే. అన్నీ వాళ్లే చెప్తారు."

ప్రతి చీటీనీ ఇంటికి పట్టుకెళ్లి పాత చీటీ పక్కన పెట్టి చూసేవాడు. ఒక్కటీ కలవలేదు. రాసిందెవరో గానీ గట్టి పిండమే. రెండోసారి డబ్బా వైపు రాలేదు.

చివరికి పట్టించింది వ్యాసాల నోటుబుక్కు. తొమ్మిదో తరగతివి దిద్దుతుంటే ఎర్రపెన్ను టక్కున ఆగిపోయింది. 'ఛదువు మనకు ఛాలా అవసరం.' పేజీ నిండా ప్రతి 'చ' పొట్ట కిందా ఒత్తే!

క్లాసంతా ఆ అమ్మాయిని ఒత్తుల రాణి అని ఏడిపిస్తుంది. మర్నాడు ఆఖరి గంట కొట్టాక మాస్టారు ఆమెనొక్కదాన్నే ఆపాడు.

"అమ్మడూ, 'చెప్తే' అన్నదానికి ఒత్తుండదు తల్లీ," అంటూ చీటీ చూపించాడు.

పిల్ల ముఖం పాలిపోయింది.

"భయపడకు. నా కడుపులోనే ఉంటుంది."

కన్నతల్లికి కూడా చెప్పని మాట ఆయనకి చెప్పింది. "మీరు కాబట్టి చెప్తున్నా సార్," అని మొదలుపెట్టి, ఏం చూసిందో, రెండు వారాలు నిద్రపట్టక ఎలా అల్లాడిందో, ఆఖరికి ఎవరికి ఫోన్ చేసిందో, వెక్కుతూ మొత్తం చెప్పేసింది.

"ఇంట్లో తెలుసా?"

"తెలీదు సార్. మీకొక్కరికే."

"ఇంటికి ఏ దారిన వెళ్తావు?"

"రైలు గేటు దాటి సార్. ఒక్కదాన్నే."

"జాగ్రత్తమ్మా," అని కళ్లు తుడుచుకోమని తన రుమాలిచ్చాడు మాస్టారు. ఆ పిల్ల ఎన్నో నెలల తర్వాత తేలిగ్గా నవ్వింది.

ఆదివారం అన్నయ్య మొహంలో వెలుగు చూడగానే తమ్ముడు జైలు జాలీకి దగ్గరగా జరిగి, "నేను సరుకు అమ్ముతున్నానని పోలీసులకి ఫోన్ చేసిందెవరో తెలిసిందా అన్నయ్యా?" అన్నాడు.