మర్యాదగా తీసేశారు

“ఈసారైనా అర్థమయ్యేలా చెప్పండి బంగార్రాజు గారూ,” అన్నాడు చంద్రరావు, స్టేడియం ఆఫీసు గదిలో కుర్చీని ఫ్యాను కిందకు జరుపుకుంటూ. “పోయినేడాది కోచ్ ప్రసన్నకుమార్ గారిని తీసేసినప్పుడు మీరు చేసిన మర్యాదకి, ఆయన తనకి జీతం పెంచారనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మెడలో విజిల్ వేసుకుని ప్రాక్టీసుకి వచ్చేశాడు.”

అది నిజమే. రాజమండ్రి మహిళల బాస్కెట్‌బాల్ జట్టు ‘డెల్టా క్వీన్స్’కి బంగార్రాజు ఛైర్మన్, చంద్రరావు భాగస్వామి. బంగార్రాజు చేత ఒక్క కటువైన మాట అనిపించడం ఎవరివల్లా కాదు. వాళ్ళ వంశంలో ఉయ్యాల్లో పిల్లల్ని కూడా “పడుకోండి” అనే జోకొడతారు. దానికి తోడు, స్టేడియంలో అడుగుపెట్టాక అందరినీ హోదాతోనే పిలవాలని ఆయన పట్టు. గేటు దగ్గరి మనిషి కూడా ఆయన నోట “వాచ్‌మన్ గారే”.

నిన్న సెమీఫైనల్లో క్వీన్స్ విశాఖ జట్టు చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. ఫైనల్ చేరకపోతే కోచ్ వెళ్ళిపోవాలన్నది జట్టు పుట్టినప్పటి నుంచీ ఉన్న షరతు. ప్రసన్నకుమార్ ఆ షరతు మీదే వెళ్ళాడు. ఇప్పుడు సూర్యకళ వంతు వచ్చింది.

“ఓడినందుకు కాదండి నా బాధ,” అన్నాడు చంద్రరావు. “గెలిచే మ్యాచ్‌లో సారికని ఆఖరి క్వార్టరంతా బెంచీ మీద కూర్చోబెట్టడం ఏంటండి? మన పాయింట్లలో సగం ఆ పిల్లవే. ఫోన్ తెరిస్తే చాలు, జనం తిట్లే.”

“ఏదో కారణం ఉంటుందండి.”

“ఉంటే చెప్పాలి కదండి. విలేకరులు అడిగితే ‘నా నిర్ణయం, నాదే తప్పు’ అనేసి లేచి వెళ్ళిపోయారు.”

“నేనూ అడిగానండి. రేపు స్టేడియంలో అడగండి, చెప్తానన్నారు.”

చంద్రరావు ఆయన మొహంలోకి చూశాడు. “నిజం చెప్పండి. వేరే కోచ్ అయితే ఇంత నసిగేవారా?”

“ఇంత నసగను. అదేనండి నా ఇబ్బంది.”

“మీ ఇంట్లోంచి సత్యవాణి గారు పొద్దుటి నుంచి నాకు ఒకటే ఫోన్లు. కోచ్‌ని తీసేస్తే మీకు అన్నం పెట్టనన్నారు.”

“నాకూ అదే చెప్పారండి,” అన్నాడు బంగార్రాజు దిగులుగా.

తలుపు తట్టి సూర్యకళ లోపలికి వచ్చింది. ముప్పై దాటని మనిషి. రాత్రి నిద్రపోయినట్టు లేదు కానీ తల మాత్రం నిటారుగానే ఉంది.

“నమస్కారం ఛైర్మన్ గారూ. పిలిపించారట.”

“రండి కోచ్ గారూ, కూర్చోండి. కాఫీ తెప్పించమంటారా? తాపేశ్వరం కాజాలు కూడా ఉన్నాయండి.”

చంద్రరావు దగ్గాడు.

బంగార్రాజు సర్దుకున్నాడు. “మీ శ్రమ మేం మరిచిపోలేమండి. అట్టడుగున ఉన్న జట్టుని సెమీస్ దాకా లాక్కొచ్చారు. అయితే మనిషన్నాక కాస్త విశ్రాంతి కూడా ఉండాలి కదండి.”

చంద్రరావు తల పట్టుకున్నాడు. ఇలా వదిలేస్తే రేపు ఈవిడ కూడా విజిల్ వేసుకుని వచ్చేస్తుందని ఆయనకు బెంగ పట్టుకుంది. “ముందు సారిక సంగతి చెప్పండమ్మా,” అన్నాడు.

“గది దాటి పోనివ్వనంటే చెప్తానండి.”

ఇద్దరూ తలూపారు.

“మూడో క్వార్టర్లో ఆ పిల్ల మోకాలు పట్టు తప్పింది. నవ్వుతూ దాచేసింది కానీ నేను చూశాను. ఇంకో పది నిమిషాలు ఆడిస్తే మనం ఫైనల్‌కి వెళ్ళేవాళ్ళమే. ఆ పిల్ల మాత్రం మళ్ళీ ఆడేది కాదండి. ఇప్పుడు విశ్రాంతి ఇస్తే పూర్తిగా నయమైపోతుందని డాక్టర్ గారు చెప్పారు.”

“ఆ మాటే విలేకరులకి చెప్తే సరిపోయేదిగా?”

“మోకాలు నయమవుతుంది గానీ, మోకాలు పోయిందన్న పేరు నయం కాదండి. వచ్చే సీజన్లో ఏ జట్టు తీసుకుంటుంది? నరసాపురంలో వాళ్ళ నాన్నకి చేపల వేటకెళ్ళే ఓపిక లేదు. ఆ పిల్ల ఆట మీదే ఇల్లు గడుస్తోంది. తిట్లంటారా, నేను తింటే అరుగుతాయి.”

చంద్రరావుకు ఇందాకటి నుంచి తాను అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. “ఇంక తీసెయ్యడం ఏంటండి బాబూ. ఆ షరతు పక్కన పెట్టేద్దాం,” అన్నాడు.

బంగార్రాజు మొహం వెలిగింది. ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు.

“వద్దండి,” అంది సూర్యకళ. “ప్రసన్నకుమార్ గారు మంచి కోచ్. ఆయనకి దొరకని మినహాయింపు నాకు దొరికితే జనం ఏమంటారో మీ ఇద్దరికీ తెలుసు. చేరిన రోజునే అడిగాను కదండి, నాకూ అదే షరతు పెట్టమని. ఆ మాట మీద నిలబడండి ఛైర్మన్ గారూ.”

బంగార్రాజు లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. బహుశా జీవితంలో మొదటిసారి, నాన్చకుండా చెప్పాడు.

“కోచ్ గారూ, మిమ్మల్ని ఈరోజు నుంచి తీసేస్తున్నామండి.”

“అర్థమైందండి.”

“ఇంకో మాటండి. రెండు గోదావరి జిల్లాల్లో ఇవాళ నా అంత గర్వపడే మనిషి ఇంకొకడు ఉండడు.”

సూర్యకళ కళ్ళలో అప్పుడు నీళ్ళు తిరిగాయి. చంద్రరావు ఇద్దరికీ కలిపి ఒక దణ్ణం పెట్టి బయటికి నడిచాడు.

బల్ల మీద ఫోన్ మోగింది. సత్యవాణి. బంగార్రాజు తియ్యలేదు. ఆమె వైపే చూస్తూ జేబులోంచి కారు తాళాలు తీశాడు. తాళాలు కింద పడ్డాయి.

సూర్యకళ వంగి వాటిని అందుకుంది.

“కారు నేను నడుపుతాను, పదండి నాన్నగారూ.”