దయగా చెప్పడం ఎలా

వార్సాలో మా డైరెక్టరు రదోస్వాఫ్ దయ అలవర్చుకోవడానికి ఒక గురువును నియమించుకున్నాడు. ఈనాటి పాఠం, మనిషిని నొప్పించకుండా ఉద్యోగంలోంచి తీసేయడం. ఆ మనిషి వేషం కట్టడానికి జీతాల విభాగంలోని బొగుమీవా గారిని పిలిచారు.

"రేపు నాకు యాభై ఆరు నిండుతాయి, కేకు తెస్తున్నా. అరవైకి పింఛను, దానికి నాలుగేళ్ళే ఉన్నవాళ్ళని తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. ఈ ఒక్కరోజూ నాతో ఆడుకోండి," అని నవ్వుతూ కూర్చుందావిడ.

ఉద్యోగం పోయిందని డైరెక్టరు గోడకేసి చూస్తూ చెప్పాడు.

"ఇదేంటి డైరెక్టర్ గారూ, బస్సులో టిక్కెట్టు అడిగినట్టుంది. నా కళ్ళలోకి చూసి చెప్పాలి," అని ఆవిడే దిద్దింది.

రెండోసారి గొంతు వణకలేదని గురువు పెదవి విరిచాడు. మూడోసారి డైరెక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని, కన్నీళ్ళతో చెప్పి, కాగితం అందించాడు.

"అబ్బ, నాకే ఏడుపొచ్చింది," అంటూ ఆవిడ కాగితం తీసుకుంది. "నా పేరు కూడా టైపు కొట్టించారే. ముద్ర కూడానూ."

గురువు గడియారం చూసుకున్నాడు. "ఇవాళే చేతికందింది. సాక్షిగా నేనున్నాను."

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"రేపు ఆ కేకు గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళండి," అన్నాడు డైరెక్టరు, ఆవిడ కళ్ళలోకి చూసి.