ఇనుములో మిగిలిన సాక్ష్యం

ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఇవ్వగానే మూడోసారి కూడా బ్రేకర్ ఢామ్మని పడిపోయింది. అపార్ట్‌మెంటుకో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక ఇలాంటి కేసులన్నీ టెస్టర్ పైడిరాజు నెత్తినే పడుతున్నాయి.

"మా ఆయన ఊపిరి యంత్రానికి ఇంక అరగంటే బ్యాటరీ ఉంది బాబూ," అంది మూడో అంతస్తు నూకరత్నం.

పైడిరాజు మీసం దువ్వాడు. "కంగారుపడకండమ్మా. పొద్దున ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కి డీసీ పరీక్ష చేసి నేనే బాగుందన్నాను. తర్వాత ఎవడో వేలు పెట్టాడు. ముట్టుకున్నవాడి పేరు నా మీటరే చెబుతుంది."

తన మాట్లాడే మీటరు తగిలించాడు. "లోపలి ఇనుప కోర్‌లో అయస్కాంతం ఎనభై శాతం మిగిలి ఉంది," అంది మీటరు. అలాంటి ఇనుము స్విచ్ వేయగానే కరెంటునంతా ఒక్క గుక్కలో లాగేస్తుంది, బ్రేకర్ తట్టుకోలేదు. పైడిరాజు చెమటలు కక్కుతూ పది నిమిషాల్లో ఆ అయస్కాంతాన్ని దించేశాడు. ఈసారి బ్రేకర్ నిలబడింది. పైన ఊపిరి యంత్రం గుర్రుమంది.

"ఇంతకీ ఎవడు బాబూ ఆ వెధవ?"

"డీసీ పరీక్ష చేసి, దానివల్ల ఇనుముకి ఎక్కిన అయస్కాంతం దించకుండా టిఫిన్‌కి పరిగెత్తే రకం ఒకడుంటాడమ్మా..."

పొద్దున తిన్న పెసరట్టు గుర్తొచ్చి పైడిరాజు నాలిక కరుచుకున్నాడు. మీటరు గొంతు నొక్కబోయాడు గానీ, అది అప్పటికే మొదలుపెట్టేసింది.

"పొద్దున తొమ్మిదింపావు తర్వాత దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. చివరగా ముట్టుకున్నది, సీనియర్ టెస్టర్ బోని పైడిరాజు."