నరసక్క లేని ఫొటో

చీర కొంగుల్ని ఫొటో తీయించి అంగళ్ల ముందర కట్టుకున్న షావుకార్లారా, ఆ కొంగు నేసిన మనిషికి ముఖం లేదా?

ధర్మవరంలో ఫొటోగ్రాఫర్ దేవప్ప ఈ మాటే అడిగి, నేతగాళ్ల ముఖాలతో తన స్టూడియో గోడంతా నింపాడు. నరసక్క ఒక్కతే ఒప్పుకోలేదు. "ఫొటో దిగితే ఆయుస్సు తగ్గుతాదప్పా, పో!" అని నవ్వుతూ తరిమేది. ఆమె చనిపోయింది. గోడ మీద ఆమె చోటు బోసిగా ఉంటే చూడలేక, దేవప్ప ఆమె ఖాళీ మగ్గాన్నే ఫొటో తీసుకొచ్చాడు.

చీకటిపడ్డాక, ఎర్ర కాగితం చుట్టిన లాంతరు కింద ఫొటో కడుగుతున్నాడు. మందునీళ్లలో మగ్గం తేలింది. పోగులు తేలాయి. ఆ తర్వాత, ఎవరూ కూర్చోని మగ్గం గుంత పైన, తెల్లగా పలువరుస తేలింది. నరసక్క నవ్వు.

గడియ పెట్టిన గదిలో, అతని వీపు వెనకే మగ్గం ఆడిన చప్పుడైంది. ఆగింది.

"ఏమబ్బా, బెదిరినావా? ఇంక తగ్గేదానికి నాకు ఆయుస్సు యాడుండాది!"

దేవప్ప పకపకా నవ్వేశాడు.

"నగింది చాల్లే. పెద్దదిగా కడుగు. తెల్లారేలోపల షావుకారి అంగడి ముందర, నేను నేసిన కొంగు పక్కనే నన్నూ కట్టు!"