సృజన వెనక ఉరికే మనిషి

“నా ఎనుక మీరే ఉరకాలె, మేడం.”

మూలన చాపమీద కూర్చున్న సృజన మాటకు మమతారాణి చేతిలోని చాయ్ చీరమీద ఒలికింది. పిల్లను ఒకసారి చూసిపోదామని బడి విడిచాక వాళ్లింటికి వచ్చిందామె.

తప్పంతా తనదే. ఎనిమిదో తరగతికి అమెరికా పాఠం చెబుతూ, పుస్తకంలో లేని, అపాచీలనే అక్కడి ఆదివాసుల ముచ్చట ఎత్తింది. అక్కడ ఆడపిల్ల పెద్దమనిషైతే పొద్దుపొడుపున ఆటాపాటా పెట్టి, తూర్పుకు ఉరికిస్తారట. మక్కజొన్న పుప్పొడి చల్లుతారట. ముందు పిల్ల ఉరకాలి, ఆమె వెనకే ఒక మంచి మనిషి ఉరకాలి. ఆ మనిషి గుణాలే పిల్లకు వస్తాయని వాళ్ల నమ్మకం. ఈ పాఠం అయిన నెలకే సృజన పెద్దమనిషైంది. చీరకట్టు ఫంక్షన్ రోజు తనూ అట్లాగే ఉరుకుతానని ఇప్పుడు పట్టుబట్టింది.

“బాలలక్ష్మి మేడంను అడుగరాదే బిడ్డా?” అంది మమతారాణి. ఆటల టీచర్ బాలలక్ష్మి రోజూ గోదావరి వంతెన దాకా ఉరికి వస్తుంది. మమతారాణి మంచిర్యాల బస్సు కోసం ఉరికితే కండక్టరే జాలిపడి బస్సు ఆపిస్తాడు.

“వద్దు మేడం. మీరే.”

సృజన నాయనమ్మ ఐలవ్వ నసిగింది. “మేడం బంగారమే బిడ్డా. గని మొగడు లేని మనిషి. శుభమా అని మనం ఫంక్షన్ జేస్తుంటే...”

“అపాచీలల్ల గవన్ని సూడరు బాపమ్మా. మనిషిని సూస్తరు.”

మమతారాణికి కళ్లు నిండాయి. భర్త పోయినప్పటి నుంచి ఏ ఫంక్షన్‌లోనూ పసుపు పెట్టడానికి ఆమెను ఎవరూ పిలవలేదు. వెనక వరుసలో కూర్చుని, తిని, బస్సెక్కి రావడమే.

ఆ రాత్రి అద్దం ముందు నిలబడి తన గుణాలు వెతుక్కుంది. ఓపిక ఉంది, పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు తప్ప. ధైర్యం ఉంది, గోడమీద బల్లి లేకపోతే. నిరుడు ఆటలపోటీల్లో సృజన అందరికన్నా వెనక వచ్చి ఏడిస్తే ఓదార్చింది తనే. పిల్ల మరిచిపోలేదని మురిసిపోయింది.

తెల్లారి నుంచి ఉరకడం మొదలుపెట్టింది. మొదటిరోజు వీధి మలుపులోనే మోకాళ్లు పట్టుకుని కూర్చుంటే, పాలుపోసే మొండయ్య బండి ఆపాడు. “ఎక్కుండ్రి మేడం, ఇంటికాడ దింపుత” అన్నాడు. ఎక్కింది. గుణం అనేది కాళ్లలో ఉండదని దారంతా తనకు తాను నచ్చజెప్పుకుంది.

ఫంక్షన్ రోజు పొద్దు పొడవగానే సృజన కొత్త చీర కుచ్చిళ్లు ఎగజెక్కి చేను గట్టువైపు ఉరికింది. వెనక మమతారాణి. “పట్టుకోండ్రి మేడం, జర గట్టిగ!” అని చుట్టాలు కేకలు వేశారు. సృజన మెల్లగానే ఉరుకుతున్నా ఆమె జడకుచ్చులు కూడా అందలేదు. ఎగశ్వాసతో గట్టు చేరేసరికి ఐలవ్వ పసుపు గిన్నెతో నిలబడి ఉంది. అందులో చేనులోంచి దులిపి తెచ్చిన మక్కజొన్న పుప్పొడి కలిపింది.

కాసేపు తటపటాయించి, ఐలవ్వ గిన్నె ఆమె చేతికిచ్చింది. “ముందుగాల మీరే పెట్టుండ్రి మేడం.”

సృజన బుగ్గలకు పసుపు రాసి, మమతారాణి అందరి ముందే ఏడ్చేసింది. ఇన్నేళ్లకు తనలోని మంచిని ఒక్క పిల్లయినా గుర్తించింది. అది ఏమిటో పిల్ల నోటితోనే వినాలనిపించింది.

“ఇంతమందిల నన్నే ఎందుకు పిలిచినవు బిడ్డా?”

సృజన చుట్టూ చూసి, ఆమె చెవి దగ్గరకు వంగింది.

“నాకంటె మెల్లగ ఉరికేది మీరొక్కలే గద, మేడం.”